జామ్‌నగర్‌కు పది రోజుల్లో దొరికింది, మన ఎయిర్‌పోర్టులకు ఎందుకు దొరకదు?

హజ్‌కు వెళ్లేవాళ్లను సాగనంపడం మన ఇళ్లలో పండగ లాంటిదే. చుట్టాలంతా వస్తారు, "మా కోసం దువా చేయండి" అని చేతులు పట్టుకుని అడుగుతారు, పెద్దవాళ్లు ఇహ్రామ్ బట్టలు పదిసార్లు సర్దుకుంటారు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు శ్రమ. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, మచిలీపట్నం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి శంషాబాద్‌కో, చెన్నైకో, బెంగళూరుకో చేరాలి. అరవై, డెబ్భై ఏళ్ల వయసులో మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మీకి, అబ్బాకి విమానం ఎక్కకముందే సగం ఓపిక అయిపోతుంది. గల్ఫ్‌లో పనికి వెళ్లే పిల్లలదీ అదే దారి. సెలవుకు వచ్చినా అంతే, తిరిగి వెళ్లినా అంతే.

"మన దగ్గరే ఎయిర్‌పోర్టు ఉంది కదా, ఇక్కడే ఎక్కితే కాదా?" అని అడిగితే ఏళ్ల తరబడి ఒకటే జవాబు. చిన్న ఎయిర్‌పోర్టు, విదేశీ విమానాలకు కావలసిన ఏర్పాట్లు లేవు, ప్యాసింజర్లు చాలరు.

ఈ జవాబులో నిజం ఎంత? తెలుసుకోవాలంటే ఒకసారి గుజరాత్ సముద్రతీరానికి వెళ్లి రావాలి.

జామ్‌నగర్‌లో ఏం జరిగింది?

జామ్‌నగర్ కచ్ సింధుశాఖ ఒడ్డున ఉన్న ఊరు. రిలయన్స్ వాళ్ల పెద్ద రిఫైనరీ ఉన్నది అక్కడే. అక్కడి ఎయిర్‌పోర్టు నిజానికి భారత వైమానిక దళానిది. అందులోనే ఒక పక్కన మామూలు ప్రయాణికుల కోసం చిన్న టెర్మినల్ ఉంది. మన విశాఖ ఎయిర్‌పోర్టు నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగాలో ఉన్నట్టే అన్నమాట. మామూలు రోజుల్లో దేశంలోని ఊళ్లకు పోయే నాలుగైదు విమానాలు తప్ప అక్కడ పెద్దగా సందడి ఉండదు.

2024 మార్చి 1 నుంచి 3 వరకు ముకేశ్ అంబానీ చిన్న కొడుకు అనంత్ అంబానీ, రాధికా మర్చంట్‌ల పెళ్లికి ముందు వేడుకలు జామ్‌నగర్‌లో జరిగాయి. మెటా అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, బిల్ గేట్స్, గాయని రిహానా లాంటివాళ్లు వచ్చారు. విదేశాల నుంచి సొంత విమానాల్లో నేరుగా వచ్చేవాళ్లు చాలామంది. కానీ జామ్‌నగర్ అంతర్జాతీయ విమానాశ్రయం కాదు. విదేశం నుంచి వచ్చిన విమానం అక్కడ నేరుగా దిగడానికి చట్టం ఒప్పుకోదు.

అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? ఫిబ్రవరి 25 నుంచి మార్చి 5 దాకా, అంటే పది రోజుల పాటు, జామ్‌నగర్‌కు తాత్కాలికంగా అంతర్జాతీయ హోదా ఇచ్చింది. కస్టమ్స్, ఇమిగ్రేషన్, ఆరోగ్య పరీక్షల సిబ్బంది అక్కడికి చేరారు. అప్పటి పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం 475 చదరపు మీటర్లున్న టెర్మినల్‌ను వేగంగా 900 చదరపు మీటర్లకు పెంచారు. రద్దీ వేళ 180 మందికి సరిపోయే చోటు 360 మందికి సరిపోయేలా తయారైంది. రోజుకు ఆరు విమానాల రాకపోకలు చూసే ఎయిర్‌పోర్టు మార్చి 1న ఒక్కరోజే 140 దాకా చూడాల్సి వచ్చింది. వైమానిక దళం కూడా తన ఆవరణలో విమానాలు నిలుపుకోవడానికి చోటిచ్చింది.

ఈ వార్త వచ్చినప్పుడు దేశమంతా రెండు రకాల మాటలు వినబడ్డాయి. "డబ్బున్నవాళ్ల కోసం ప్రభుత్వమే కదిలింది" అని కొందరు, "ఇంతమంది విదేశీ ప్రముఖులు వస్తుంటే ఏర్పాట్లు చేయకూడదా?" అని కొందరు. ఆ గొడవ నాలుగు రోజుల్లో చల్లారింది. కానీ మనకు పనికొచ్చే విషయం ఆ గొడవలో మరుగున పడిపోయింది. పది రోజుల్లో ఏం చేయవచ్చో జామ్‌నగర్ చూపించింది. దాన్ని పట్టుకుని మన లెక్క మనం అడగాలి.

ప్రైవేటు విమానాల టెర్మినల్ అంటే ఏమిటి?

మనం ఎయిర్‌పోర్టుకు వెళితే రెండు మూడు గంటలు ముందు చేరాలి. లగేజీ, బోర్డింగ్ పాస్, సెక్యూరిటీ, ఇమిగ్రేషన్, అన్నిచోట్లా క్యూలే. సొంత విమానంలో, లేదా మొత్తం విమానాన్ని అద్దెకు తీసుకుని వెళ్లేవాళ్లకు వేరే దారి ఉంటుంది. దాన్ని జనరల్ ఏవియేషన్ టెర్మినల్ అంటారు. దాన్ని నడిపే కంపెనీని ఫిక్స్‌డ్ బేస్ ఆపరేటర్, పొట్టిగా ఎఫ్‌బీఓ అంటారు. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో ఇలాంటి వాళ్ల కోసమే ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ 2020 సెప్టెంబర్‌లో మొదలైంది.

ఈ కంపెనీలు చేసే పని చూస్తే అంత మాయేమీ లేదు. విమానం దిగేందుకు అనుమతులు, సమయం ముందే తీసుకుంటారు. దిగాక ఎక్కడ నిలపాలో చూస్తారు. ఇంధనం నింపిస్తారు, శుభ్రం చేయిస్తారు, భోజనం ఎక్కిస్తారు. పైలట్లకు పడుకునే గది, ప్రయాణికులకు కూర్చునే గది ఇస్తారు. కారులో విమానం దగ్గరి దాకా తీసుకెళ్తారు. విదేశాల నుంచి వచ్చినవాళ్లయితే పాస్‌పోర్టు, కస్టమ్స్ పనులు ఆ చిన్న టెర్మినల్‌లోనే పూర్తి చేయిస్తారు. దీనికంతా రుసుములుంటాయి. విమానం బరువును బట్టి ల్యాండింగ్ చార్జీ, నిలిపిన గంటలను బట్టి పార్కింగ్ చార్జీ ఎయిర్‌పోర్టుకు వెళతాయి. మిగతా సేవల డబ్బు కంపెనీకి వెళుతుంది.

చిన్న ఎయిర్‌పోర్టుకు ఈ ఆదాయం పనికొస్తుంది. రోజుకు నాలుగైదు విమానాలు వచ్చే చోట రన్‌వే, ఫైరింజన్, కంట్రోల్ టవర్ ఖర్చు మాత్రం తగ్గదు కదా. ఖాళీ గంటల్లో నాలుగు చార్టర్ విమానాలు వస్తే ఎంతో కొంత కలిసొస్తుంది.

మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది కొత్త కాదు. 2008లో శంషాబాద్ వచ్చాక బేగంపేటలో మామూలు ప్యాసింజర్ విమానాలు ఆగిపోయాయి. కానీ ప్రముఖుల విమానాలు, చార్టర్లు అక్కడ దిగుతూనే ఉన్నాయి. పుట్టపర్తిలో ట్రస్టు ఎయిర్‌పోర్టుకు చార్టర్లే ఆధారం. రాజమండ్రి నుంచి సముద్రంలోని చమురు బావులకు ఓఎన్‌జీసీ హెలికాప్టర్లు ఎగిరాయి. ఎన్నికలొస్తే గన్నవరంలో నాయకుల విమానాలు ఎన్ని దిగుతాయో అందరం టీవీలో చూస్తాం.

ఇంకో సంగతి. ఎయిర్ అంబులెన్స్ కూడా ఈ కోవలోకే వస్తుంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని చిన్న ఊరి నుంచి పెద్ద ఆసుపత్రికి చేర్చే విమానం టైమ్‌టేబుల్ ప్రకారం నడవదు. దానికి కావలసింది ఏ వేళకైనా తెరిచే గేటు, అంబులెన్స్ నేరుగా విమానం దాకా వెళ్లే దారి. ఇవి ప్రైవేటు టెర్మినల్ ఏర్పాట్లే. కాబట్టి ప్రైవేటు విమానాల సేవలు వద్దు అనడం మన వాదన కాకూడదు. అవి ఎవరి కోసం, ఏ షరతుల మీద అన్నదే ప్రశ్న.

అడ్డం గోడలు కాదు, మూడు కౌంటర్లు

ఒక ఎయిర్‌పోర్టు నుంచి విదేశాలకు విమానం ఎగరాలంటే మూడు శాఖల మనుషులు అక్కడ కూర్చోవాలి.

మొదటిది కస్టమ్స్. 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 7వ సెక్షన్ కింద ఆ చోటును కస్టమ్స్ ఎయిర్‌పోర్టుగా ప్రకటించాలి. ఇది ఆర్థిక శాఖ కిందికి వస్తుంది. రెండోది ఇమిగ్రేషన్. పాస్‌పోర్టు చూసి ముద్ర వేసేవాళ్లు హోం శాఖ మనుషులు. మూడోది ఆరోగ్య శాఖ. విదేశాల నుంచి జబ్బులు రాకుండా చూసే ఎయిర్‌పోర్టు హెల్త్ ఆఫీసర్ ఉండాలి. విమానయాన శాఖది ఇంకో సంతకం. అంటే నాలుగు శాఖలు ఒకేసారి సరే అనాలి.

సామాన్యుల విషయం వచ్చేసరికి ఈ నాలుగు శాఖల మధ్య ఫైలు తిరుగుతూనే ఉంటుంది. "విమానం వస్తే సిబ్బందిని ఇస్తాం" అని ఒక శాఖ అంటుంది. "సిబ్బంది ఉంటేనే విమానం నడుపుతాం" అని విమాన కంపెనీ అంటుంది. జామ్‌నగర్‌లో ఈ చిక్కుముడి విడిపోయింది. సిబ్బందిని వేరే చోటి నుంచి డెప్యుటేషన్ మీద తేవచ్చు, తాత్కాలికంగా కౌంటర్లు పెట్టవచ్చు, పని అయ్యాక తీసేయవచ్చు.

ఇందులో కొత్తేమీ లేదన్నది ఇంకా ముఖ్యమైన విషయం. రాంచీ, భోపాల్, ఔరంగాబాద్ లాంటి చోట్ల నుంచి హజ్ విమానాలు ఎగిరినప్పుడు ఏడాదిలో కొన్ని రోజుల కోసమే ఈ ఏర్పాట్లు చేశారు. బౌద్ధ యాత్రికుల కోసం బీహార్‌లోని గయకు చలికాలం సీజన్‌లో విదేశీ విమానాలు వస్తాయి. అంటే సీజన్‌కు తగ్గట్టు కౌంటర్లు తెరవడం మన ప్రభుత్వానికి తెలిసిన పనే. పెళ్లికి పది రోజులు తెరవగలిగినప్పుడు హజ్‌కు నెల రోజులు, రంజాన్ ఉమ్రాకు నెల రోజులు తెరవడం కుదరని పనేమీ కాదు.

మన హజ్ విమానం కూడా చార్టరే

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లు ఎక్కేది టైమ్‌టేబుల్ విమానం కాదు. అదీ ప్రత్యేకంగా మాట్లాడుకున్న చార్టర్ విమానమే. హాజీలను జిద్దాలోనో మదీనాలోనో దించి విమానం ఖాళీగా తిరిగొస్తుంది. హజ్ అయ్యాక ఖాళీగా వెళ్లి వాళ్లను తీసుకొస్తుంది. అంటే రెండు ప్రయాణాలకు నాలుగు ప్రయాణాల ఖర్చు. ఆ ఖర్చంతా టికెట్‌లోనే పడుతుంది. 2018 జనవరిలో హజ్ సబ్సిడీని పూర్తిగా ఎత్తేశారు. "హాజీలకు ప్రభుత్వం టికెట్ ఇస్తోంది" అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అది నిజం కాదు. టికెట్ ధర హాజీల మీదే పడుతుంది.

ఎక్కే ఊరిని బట్టి టెండర్ వేరు, ధర వేరు. ఎక్కువ మంది ఎక్కే ఊళ్లో పెద్ద విమానం పెడతారు, తలసరి ఖర్చు తగ్గుతుంది. తక్కువ మంది ఉన్న చోట చిన్న విమానం, ఎక్కువ ధర.

విజయవాడ కథ చూడండి. కోవిడ్ తర్వాత 2022లో దేశం మొత్తానికి పది చోట్ల నుంచే హజ్ విమానాలు నడిచాయి. 2023లో ఆ సంఖ్యను 25కు పెంచారు, అందులో విజయవాడకు మొదటిసారి చోటు దక్కింది. మనవాళ్లు ఎంతో సంతోషపడ్డారు. దరఖాస్తుల్లో విజయవాడ అని రాశారు. తీరా లెక్క బయటికొచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు మొత్తం ఖర్చు సుమారు 3.05 లక్షలు, విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకు సుమారు 3.88 లక్షలు. ఒక్కొక్కరికి 80 వేల పైమాటే తేడా. భార్యాభర్తలు ఇద్దరూ వెళితే లక్షా అరవై వేలు. జీవితమంతా రూపాయి రూపాయి కూడబెట్టి బయల్దేరిన కుటుంబాలు ఇవి.

అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 1,813 మంది కోసం 14.51 కోట్ల రూపాయలు ఇచ్చి ఆ భారం దించింది. అది మంచి పనే. కానీ ఏటా ఎవరో ఒకరు దయ చూపిస్తేనే నడిచే ఏర్పాటు నిలబడదు. ఆ తర్వాత విజయవాడను ఎంచుకునేవాళ్లు తగ్గిపోయారు. జనం తగ్గితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే జనం ఇంకా తగ్గుతారు. చివరికి "మీకు ఆసక్తి లేదు కదా" అన్న మాట మన మీదికే వస్తుంది.

కేరళలోనూ ఇదే జరిగింది. 2024లో కోజికోడ్ దగ్గరి కరిపూర్ నుంచి హజ్ టికెట్ సుమారు 1.65 లక్షలని తేలింది. కొచ్చి, కన్నూరు టికెట్లతో పోలిస్తే అది దాదాపు రెట్టింపు. అక్కడి వాళ్లు ఊరుకోలేదు. ఎంపీలు, రాష్ట్ర ప్రభుత్వం, సంఘాలు అందరూ అడిగారు. ధర కొంత తగ్గింది, తేడా పూర్తిగా పోలేదు. అయినా అడిగితే ఎంతో కొంత కదులుతుందని తేలింది.

గన్నవరం ఎందుకు కదలదు?

గన్నవరం ఎయిర్‌పోర్టుకు అంతర్జాతీయ హోదా ఇస్తూ కేంద్ర కేబినెట్ 2017 మే నెలలో నిర్ణయించింది. మొదటి విదేశీ విమానం ఎగిరింది 2018 డిసెంబర్‌లో, సింగపూర్‌కు. మధ్యలో 19 నెలలు. ఆ విమానం కూడా ఖాళీ సీట్ల నష్టం తాను భరిస్తానని రాష్ట్ర ప్రభుత్వం మాటిస్తేనే వచ్చింది. 2019లో అది ఆగిపోయింది. షార్జాకు వారానికి రెండు సర్వీసులు మొదలైంది 2022 అక్టోబర్ 31న.

ఇక్కడ కొరత రన్‌వేది కాదు. గన్నవరం రన్‌వేను 3,360 మీటర్లకు పెంచారు. పెద్ద విమానాలు దిగడానికి అది సరిపోతుంది. కొరత ఎక్కడుందంటే, మన ప్రయాణికులను లెక్కపెట్టే పద్ధతిలో ఉంది. కడప నుంచి కువైట్ వెళ్లేవాళ్లు, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి మస్కట్, దుబాయ్ వెళ్లే అక్కచెల్లెళ్లు, నెల్లూరు నుంచి సౌదీ వెళ్లే డ్రైవర్లు, వీళ్లంతా హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లెక్కల్లోకి వెళ్లిపోతారు. వాళ్లు అక్కడ ఎక్కుతున్నారు కాబట్టి ఇక్కడ ప్రయాణికులు లేరంటారు. ఇక్కడ విమానం లేకే అక్కడికి పోయారన్నది ఆ లెక్కలో కనబడదు.

దీనికి ఇంకో పక్క ఉంది. చెప్పాలంటే మనసు ఒప్పుకోదు, కానీ చెప్పక తప్పదు. గల్ఫ్‌లో ఎవరైనా చనిపోతే మయ్యిత్‌ను సొంతూరికి తెచ్చేది విమానంలోనే. ఆ పెట్టె దిగాలంటే కస్టమ్స్ ఉండాలి, ఎయిర్‌పోర్టు హెల్త్ ఆఫీసర్ కాగితాలు చూడాలి. మరణ ధ్రువపత్రం, శవం పాడవకుండా చేసినట్టు సర్టిఫికెట్, అక్కడి మన ఎంబసీ ఇచ్చిన అనుమతి పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు కావాలి. ఈ అనుమతులు త్వరగా ఇవ్వడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2023 ఆగస్టులో ఈ-కేర్ అనే పోర్టల్ తెచ్చింది. కాగితం పని కాస్త తేలికైంది. దూరం మాత్రం తగ్గలేదు. శంషాబాద్‌లోనో చెన్నైలోనో పెట్టె తీసుకుని, అంబులెన్స్ మాట్లాడుకుని, మళ్లీ ఏడెనిమిది గంటలు రోడ్డు మీద రావాలి. త్వరగా దఫన్ చేయడం మన దీన్‌లో ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. అక్కడ కాగితాల కోసం రోజులు గడిచాక, ఇక్కడ కూడా ఇంకో రాత్రి ఆగాల్సి రావడం ఆ తల్లికి, ఆ భార్యకు ఎంత కష్టమో అనుభవించిన ఇళ్లకే తెలుస్తుంది.

ఎదుటివాళ్ల మాటలోనూ కొంత నిజం ఉంది

జామ్‌నగర్‌తో మనల్ని పోల్చడం తప్పు అనేవాళ్లు మూడు మాటలు చెబుతారు. వినాలి.

ఒకటి, అది పది రోజుల పని, మీరు అడిగేది ఏడాదంతా. నిజమే. ఏడాది పొడుగునా మూడు షిఫ్టుల సిబ్బందిని పెట్టడానికి ఖర్చవుతుంది. అందుకే మనం ముందు అడగాల్సింది సీజన్ ఏర్పాటే. హజ్, రంజాన్ ఉమ్రా, గల్ఫ్ సెలవుల రద్దీ నెలలు. ఎప్పుడు, ఎంతమంది వస్తారో ముందే తెలిసిన ప్రయాణాలివి.

రెండు, ప్రైవేటు విమానాల వాళ్లు డబ్బు కట్టారు. విమానానికి ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు ఉంటాయి, ఆ మాట సరే. మరి హాజీలు ఉచితంగా వెళుతున్నారా? విజయవాడ నుంచి వెళ్లినందుకు 80 వేలు ఎక్కువ అడిగింది వాళ్లనే కదా.

మూడు, భద్రత. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. 2020 ఆగస్టు 7న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కరిపూర్‌లో వానలో రన్‌వే దాటి లోయలో పడింది. పైలట్లిద్దరితో కలిపి 21 మంది చనిపోయారు. కోవిడ్ కాలంలో ఇల్లు చేరాలని బయల్దేరిన గల్ఫ్ కుటుంబాలవి. ఆ తర్వాత అక్కడ పెద్ద విమానాలను దిగనివ్వలేదు. కొండ మీది రన్‌వే, 2,860 మీటర్ల పొడవు. హజ్ ధర పెరగడానికి అదీ ఒక కారణమే. సౌకర్యం కోసం ప్రాణాలతో ఆడుకోమని ఎవరూ అనరు. కానీ రన్‌వే సరిపోయినంత ఉన్నచోట కూడా భద్రత పేరు చెప్పి ఆపడం వేరు. గన్నవరంలో ఆ కారణం నిలబడదు.

మనం అడగాల్సినవి

మొదటిది, సీజన్ కౌంటర్లు. హజ్ నెలలోనూ రంజాన్‌లోనూ కస్టమ్స్, ఇమిగ్రేషన్, హెల్త్ సిబ్బంది గన్నవరంలో పూర్తి స్థాయిలో ఉంటారని తేదీలతో సహా ముందే ప్రకటించాలి. తేదీలు ముందే తెలిస్తే ఉమ్రా ట్రావెల్స్ వాళ్లు కూడా గ్రూపులు కట్టి చార్టర్ మాట్లాడుకోగలుగుతారు. నాలుగు జిల్లాల గ్రూపులు కలిస్తే ఒక విమానం నిండుతుంది. విడివిడిగా పోతే ఎవరికీ విమానం రాదు.

రెండోది, ధర ముందే చెప్పాలి. హజ్ దరఖాస్తులో ఎక్కే ఊరికి రెండు ఎంపికలు రాయమంటారు. ఆ ఊళ్ల మధ్య తేడా ఎంత ఉండవచ్చో గత ఏళ్ల లెక్కతో సహా అప్పుడే చెప్పాలి. సంతకం పెట్టాక తెలిస్తే ఏం లాభం? ఈ పని రాష్ట్ర హజ్ కమిటీ చేయగలదు, కోట్లేమీ ఖర్చు కావు. మసీదు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తే చాలు. దరఖాస్తు నింపి పెట్టే మన పిల్లలు కూడా "ఏ ఊరు రాస్తున్నాం, ఎందుకు రాస్తున్నాం" అని ఇంట్లో పెద్దలతో ఒకసారి మాట్లాడాలి.

మూడోది, కొత్తగా కట్టేచోట షరతు. విజయనగరం జిల్లా భోగాపురం ఎయిర్‌పోర్టుకు 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన చేశారు. అలాంటి తీరప్రాంత ఎయిర్‌పోర్టుల్లో ప్రైవేటు విమానాలకు ప్రత్యేక చోటు ఇచ్చేటప్పుడు ఒప్పందంలోనే ఒక మాట రాయించాలి. ఎయిర్ అంబులెన్స్‌కూ, విదేశాల నుంచి వచ్చే మృతదేహాలకూ ఆ గేటు ఏ వేళకైనా తెరవాలి, సర్వీసు రుసుము తీసుకోకూడదు. నలుగురు వ్యాపారవేత్తల కోసం తెరిచే గేటు ఒక శవపేటిక కోసం తెరవడానికి అదనంగా అయ్యే ఖర్చు పెద్దగా ఉండదు. కాగితం మీద లేకపోతే మాత్రం ఎవరూ తెరవరు.

నాలుగోది, లెక్క బయట పెట్టాలి. ఏ ఎయిర్‌పోర్టుకైనా తాత్కాలిక హోదా ఇస్తే ఆ ఉత్తర్వు, సిబ్బంది ఖర్చు, దాన్ని ఎవరు కట్టారన్న వివరం అందరికీ తెలిసేలా ఉండాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఎవరైనా ఈ వివరాలు అడగవచ్చు. మన ఊళ్లలో చదువుకున్న పిల్లలు, లాయర్లు, టీచర్లు ఉన్నారు. విమానయాన శాఖకు ఒకటి, కస్టమ్స్‌కు ఒకటి, రాష్ట్ర హజ్ కమిటీకి ఒకటి, మూడు అర్జీలు పెడితే జవాబు కాగితం మీద వస్తుంది. ఆ కాగితం చేతిలో ఉంటే ఎంపీ దగ్గరికి వెళ్లి మాట్లాడే తీరే వేరు.

చివరగా ఒక మాట

2024 ఎన్నికల్లో హజ్ యాత్రికులకు లక్ష రూపాయల సాయం అన్న హామీ విన్నాం. సాయం మంచిదే, ఇస్తే ఎవరూ కాదనరు. కానీ సాయం ఒక ఏడాది వస్తుంది, ఒక ఏడాది ఆగుతుంది, ప్రభుత్వం మారితే పేరు మారుతుంది. కౌంటర్లు, తేదీలు, ఒప్పందంలో రాసిన షరతులు అలా కావు. అవి ఒకసారి వస్తే నిలుస్తాయి.

జామ్‌నగర్ పెళ్లివారి మీద అసూయ పడి మనకు వచ్చేదేమీ లేదు. వాళ్లింటి శుభకార్యం, వాళ్ల చుట్టాలు వచ్చారు. మన ఇళ్లలోనూ శుభకార్యం ఉంది. జీవితంలో ఒక్కసారి కాబాను చూడాలని ముప్పై ఏళ్లు డబ్బు దాచుకున్న నానీ, దాదా కూడా అలాంటి మర్యాదకు తగినవాళ్లే. పది రోజుల్లో నాలుగు శాఖలను ఒక్కచోట కూర్చోబెట్టిన ప్రభుత్వం వాళ్ల కోసం కూడా అదే పని చేయాలి. హజ్ దరఖాస్తులు మొదలయ్యే నాటికే ఈ మాట అడగడం మొదలుపెట్టాలి, విమానం ఎగిరే రోజున అడిగితే ఆలస్యమైపోతుంది.